బిళ్ళ మీది ఏనుగు

తెలుగువాడికి బిళ్ళ అనగానే బిళ్ళబంట్రోతు గుర్తుకొస్తాడు. జనం ఆ ఇత్తడి బిళ్ళకు దారి ఇచ్చేవారే గాని, దాన్ని తగిలించుకున్న మనిషి పేరు అడిగేవారు కారు. స్కాట్లండు పటాలాల పాత టోపీ బిళ్ళలను సేకరించేవాళ్ళ వ్యాసంగంలోనూ ఇదే లోపం ఉందని నా అభియోగం. బిళ్ళను చదవడంలో వారు ఘనులు. దాని వెనకనున్న మనుషుల దగ్గరికి వచ్చేసరికి సగం పేజీ వదిలేస్తారు.

ముందు వారి ఘనత ఒప్పుకుందాం. అమెరికాలో స్కాట్లండు సంతతివారు జరుపుకొనే హైలండ్ క్రీడోత్సవాలకు (ఉత్తర కరొలైనాలో గ్రాండ్‌ఫాదర్ మౌంటెన్ దగ్గర 1956 నుంచీ జరుగుతున్నాయి), పాతసామాను సంతలకు వెళ్ళే ఔత్సాహికుడు బిళ్ళను చేతిలోకి తీసుకుని పరీక్షించే తీరు మా వైద్యులు రోగిని పరీక్షించే తీరుకు తీసిపోదు. మొదట కిరీటం చూస్తాడు. 1901 నుంచి 1952 దాకా రాజుల కాలపుదైతే పైభాగం గుండ్రంగా ఉబ్బి ఉంటుంది. 1953 తర్వాత రాణి కాలపుదైతే మధ్యలో నొక్కుకుపోయి ఉంటుంది. అయితే ఒక్క లక్షణంతో రోగం తేల్చకూడదు. సీఫోర్త్ హైలండర్ల సిపాయి బిళ్ళ మీద దుప్పి తల, నినాదం ఉంటాయి, కిరీటమే ఉండదు. పైగా 2022లో చార్లెస్ రాజు గుండ్రటి కిరీటాన్నే మళ్ళీ ఎంచుకున్నాడు. అందుచేత బిళ్ళను తిరగేసి చూడాలి. అచ్చు వేసి కొట్టిన బిళ్ళ వెనకవైపు, ముందున్న బొమ్మ గుంటలుగా స్పష్టంగా కనబడుతుంది. దొంగబిళ్ళ చాలాసార్లు పోతపోసినది. గీతలు మొద్దుబారి, ఒంటిమీద చిన్న చిన్న గుంతలతో ఉంటుంది. అసలు అచ్చులతోనే తర్వాత కొట్టినవి ఇంకా పెద్ద చిక్కు. వాటిని పట్టుకోవాలంటే కళ్ళతో పాటు అనుభవమూ కావాలి.

ఈ విద్యకు కిప్లింగ్, కింగ్ అనే ఇద్దరు 1970లలో రెండు సంపుటాలుగా తెచ్చిన గ్రంథం నిఘంటువు వంటిది. బ్రిటిష్ సైన్యపు శిరోభూషణాల బిళ్ళలకు అది వరస నంబర్లు ఇచ్చింది. అమ్మకందారులు ఈనాటికీ తమ జాబితాల్లో ఆ నంబర్లే వేస్తారు. ఇది చిన్న ఉపకారం కాదు. నోటిమాట మీద నడిచే బేరానికి ఒక కొలబద్ద దొరికింది. కాని నిఘంటువు చదివినవాడు కావ్యం చదివినట్టు కాదు గదా! నంబరు దొరకగానే పని అయిపోయిందనుకోవడం గ్రంథకర్తల తప్పు కాదు, పాఠకుల తప్పు.

ఉదాహరణకు హైలండ్ లైట్ ఇన్‌ఫెంట్రీ బిళ్ళ తీసుకోండి. తిజిల్ బిరుదు తాలూకు నక్షత్రం, దాని మీద కొమ్ముబూర, పటాలం పేరులోని మూడక్షరాల ముడి, పైన కిరీటం. కింద ఒక ఏనుగు, "అస్సాయ్" అన్న మాట. స్కాట్లండులో ఏనుగెక్కడిది? 1803 సెప్టెంబరు 23న ఆర్థర్ వెల్లెస్లీ మరాఠా సైన్యంతో పోరాడిన ఊరు అస్సాయ్. ఇప్పుడది మహారాష్ట్రలో జాల్నా జిల్లాలో ఉంది. ఆనాడు నైజాం రాజ్యం. 74వ హైలండర్లు ఫిరంగుల ఎదుటికి నడిచి దాదాపు తుడిచిపెట్టుకుపోయారు. 1881లో ఆ పటాలాన్ని 71వదానితో కలిపి హైలండ్ లైట్ ఇన్‌ఫెంట్రీ చేసినప్పుడు ఏనుగు కొత్త బిళ్ళలోకి ఎక్కింది. అంటే బిళ్ళ యుద్ధానికి సాక్షి కాదు, డెబ్భై ఎనిమిదేళ్ళ తర్వాత రాసుకున్న జ్ఞాపకం.

ఆ రోజు వెల్లెస్లీ పక్షాన చనిపోయినవారు, గాయపడినవారు, జాడ తెలియనివారు కలిపి 1,584 మంది. వారిలో మద్రాసు సైన్యపు సిపాయిలూ ఉన్నారు. ఆ సైన్యంలో తెలుగువాళ్ళు ఎంత లావు ఉండేవారంటే, ఉత్తరాదిలో సిపాయికి "తిలంగా" అన్న పేరే స్థిరపడిపోయింది. మన జాతి పేరు ఒక ఉద్యోగం పేరైంది! బిళ్ళబంట్రోతు కథే మళ్ళీ.

పరాయివాడి కొలువులో, పరాయివాడి కోసం చచ్చినవాళ్ళ గొప్ప మనకెందుకని మిత్రులు అడగవచ్చు. గొప్ప చెప్పుకొమ్మని నేననడం లేదు. వారు చంపినదీ ఈ దేశస్థులనే. ఆ సంగతి దాచితే అదొక దొంగబిళ్ళ అవుతుంది. కాని జీతానికి ఊరు విడిచి, పరాయి జెండా కింద పని చేసినవాళ్ళను చులకన చేసే ముందు, ఇక్కడి ఆస్పత్రుల్లో కోటుకు పేరుబిళ్ళ తగిలించుకుని తిరిగే మనబోటివాళ్ళం కొంచెం ఆలోచించాలి. మన బిళ్ళ మీద పేరైనా ఉంది.

హైలండ్ లైట్ ఇన్‌ఫెంట్రీ 1959లో మరో పటాలంలో కలిసిపోయింది. 2006లో స్కాట్లండు పదాతి పటాలాలు చాలావరకు ఒక్కటై ఒకే బిళ్ళ కిందికి వచ్చాయి. మన మద్రాసు రెజిమెంటు చిహ్నంలో మాత్రం ఆ అస్సాయ్ ఏనుగు ఈనాటికీ ఉంది. రెండు బిళ్ళలనూ పక్కపక్కన పెట్టుకున్న సేకర్తకే కథ పూర్తిగా అందుతుంది. ఒక్కటే ఉన్నవాడి దగ్గర ఉన్నది మంచి లోహం, సరైన నంబరు, సగం చరిత్ర.