పెంచడం, పెంచుకోవడం: ‘గిల్లూ’ని మళ్లీ చదువుతూ

మహాదేవి వర్మ ‘గిల్లూ’ని మనలో చాలామంది పాఠంగానే చదివాం. సీబీఎస్‌ఈ 9వ తరగతి హిందీ ‘సంచయన్’ పుస్తకంలో ఉండేది. ప్రశ్నలకి జవాబులు రాశాం, మార్కులు తెచ్చుకున్నాం, మర్చిపోయాం. గుర్తున్నది ఇంతే: ఒక ఉడుత పిల్ల, ఒక రచయిత్రి, చివర్లో కాస్త కన్నీళ్లు. మనిషికీ జంతువుకీ మధ్య ప్రేమ అని ఒక ముక్కలో తేల్చేసే రచనల్లో అదొకటైపోయింది.

ముప్పై దాటాక మళ్లీ చదివితే నాకు ప్రేమకన్నా ముందు ఒక కిటికీ కనిపించింది. ఈ వ్యాసం ఆ కిటికీ గురించే.

1972లో వచ్చిన ‘మేరా పరివార్’లోది ఈ రచన. ఛాయావాద కవయిత్రిగా పేరు మోసి, తర్వాత 1982లో జ్ఞానపీఠ్ అందుకున్న మహాదేవి, తనతో బతికిన జంతువుల గురించి రాసిన పుస్తకం అది. శీర్షికలోనే ‘నా కుటుంబం’ అనే మాట ఉంది. ఆ ‘నా’ దగ్గరే నా పేచీ మొదలవుతుంది.

కథ తెలిసిందే. పూలకుండీకి, గోడకి మధ్య సందులో గూటి నుంచి పడిన పిల్ల. కాకులు పొడిచిన రెండు గాయాలు. ఇక బతకదని చుట్టూ ఉన్నవాళ్లంటారు. ఆవిడ లోపలికి తెచ్చి, దూదితో నెత్తురు తుడిచి, పెన్సిలిన్ ఆయింట్‌మెంట్ రాస్తుంది. వత్తితో పాలు పట్టబోతే నోరు తెరవదు, పాలు పక్కలకి కారిపోతాయి. కొన్ని గంటల తర్వాత ఒక్క నీటి చుక్క లోపలికి వెళ్తుంది. మూడో రోజుకి అది తన చిన్న చేతులతో ఆవిడ వేలు పట్టుకుంటుంది. ఇక్కడ సెంటిమెంట్ తక్కువ, పని ఎక్కువ. ఒక నర్సు రాసిన నోట్స్‌లా ఉంటుంది ఈ భాగం. ‘గిల్లూ’లో నాకు బాగా నచ్చిన గద్యం ఇదే.

తర్వాత పేరు పెట్టడం. ఇక్కడ ఆవిడ ఒక చమత్కారం చేస్తుంది: జాతివాచకం వ్యక్తివాచకం అయిందంటుంది. గిలహరీ కాస్తా గిల్లూ అయింది. వ్యాకరణం జోక్‌లాగే ఉంటుంది కానీ, కథంతా ఆ ఒక్క మార్పు మీదే నడుస్తుంది. పేరు వచ్చాక అది ఏదో ఒక ఉడుత కాదు, మనది.

తెలుగులో ఈ సంగతి చెప్పడానికి ఇంకా సూటైన వ్యాకరణం ఉంది. ‘పెంచడం’ వేరు, ‘పెంచుకోవడం’ వేరు. మధ్యలో చేరిన ఆ ‘కొను’ పని ఫలితాన్ని చేసేవాడి వైపు తిప్పుతుంది. వండటం, వండుకోవడం. రాయడం, రాసుకోవడం. అనాథ ఉడుత పిల్లని ‘పెంచుకుంటున్నాం’ అన్నామంటే అది ఎవరి కోసం బతకాలో అప్పుడే తేల్చేశామన్నమాట. మా సీమలో ఇంకో మాట ఉంది, ‘సాకడం’. తిండి పెట్టి, కనిపెట్టుకుని, ప్రాణం నిలబెట్టడం. దాంట్లో సొంతం చేసుకోవడం కన్నా చాకిరీ ఎక్కువ వినిపిస్తుంది.

ఈ తేడా నేను నిఘంటువులో నేర్చుకోలేదు. పోయినేడు నంద్యాలలో మా ఇంటి పక్క వేపచెట్టు కొమ్మలు కొడితే గూడు చెదిరి రెండు పిల్లలు పడ్డాయి. ఒకటి అప్పటికే పోయింది. రెండోదాన్ని అట్టపెట్టెలో గుడ్డ పరిచి చెట్టు మొదట్లోనే ఉంచాం. తల్లి ఉడుత పిల్లని నోట కరుచుకుని వేరే గూటికి తీసుకుపోతుంది, అందుకే ముందు దానికి అవకాశం ఇవ్వాలి. చీకటి పడేదాకా చూశాం, రాలేదు. ఇక పశువుల డాక్టర్ చెప్పిన వరస: ముందు వెచ్చదనం, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే పాలు. ఆవుపాలు పడవు, కుక్కపిల్లలకి వాడే పాలపొడి కలిపి, సూది లేని సిరంజితో, పిల్లని బోర్లా పట్టుకుని ఒక్కో చుక్కా పట్టాలి. వెల్లకిలా పెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రాత్రుళ్లు అలారం పెట్టుకుని లేచింది మా అమ్మే. నేను లాప్‌టాప్ ముందు ఆఫీసు కాల్స్‌లో ఉండేవాణ్ణి.

ఈ అనుభవంతో చూస్తే ‘గిల్లూ’లో రెండు చోట్ల ఆగాను. ఒకటి జీడిపప్పు. గిల్లూకి అదంటే ప్రాణం. రచయిత్రి కారు ప్రమాదంలో దెబ్బలు తగిలి ఆసుపత్రిలో ఉన్నప్పుడు తినకుండా దాచిన జీడిపప్పులు దాని ఊయలలో దొరుకుతాయి. కథలో బెంగకి ఇంతకన్నా మంచి సాక్ష్యం లేదు. కానీ ఇంట్లో పెరిగే ఉడుతలకి పప్పులే ఆహారమైతే ఫాస్ఫరస్ ఎక్కువై, కాల్షియం చాలక ఎముకలు గుల్లబారతాయి. 1972 నాటి రచనని ఇవాళ్టి పశువైద్యంతో కొట్టడం నా ఉద్దేశం కాదు. జీడిపప్పు ఆవిడకి ఇష్టాన్ని చూపే గుర్తు, ఉడుతకి తిండి. ఈ రెండూ ఒకటే అని కథ నమ్ముతుంది. అక్కడే నేను ఆగింది.

రెండోది ఆయుష్షు. ఉడుతలు రెండేళ్లు కూడా బతకవు కాబట్టి గిల్లూకి కాలం తీరిందని కథ చెబుతుంది. మన దక్షిణాది మూడు చారల ఉడుత మనుషుల సంరక్షణలో ఐదున్నరేళ్లు బతికిన దాఖలా ఉంది. రెండేళ్లన్న ఆ వాక్యం కథలో సమాచారం పని చెయ్యడం లేదు, ఓదార్పు పని చేస్తోంది. ఎందుకు పోయిందన్న ప్రశ్న రాకుండా తలుపు వేస్తోంది.

ఇప్పుడు కిటికీ. మొదటి వసంతంలో బయటి ఉడుతలు జాలీ దగ్గరికొచ్చి పిలుస్తుంటే, గిల్లూ లోపల కూర్చుని చూస్తుంటుంది. ఆవిడ మేకులు పీకి జాలీ ఒక మూల తెరుస్తుంది. అప్పట్నుంచి గిల్లూ పగలంతా బయట కొమ్మల మీద తిరిగి, సాయంత్రం నాలుగింటికి ఊయలకి తిరిగొస్తుంది. వన్యప్రాణుల్ని తిరిగి వదిలేవాళ్లు ఇవాళ చేసేది దాదాపు ఇదే: బోను చెట్ల మధ్య పెట్టి, కొన్నాళ్లు అలవాటు చేసి, తలుపు తెరిచి, తిండి మాత్రం అక్కడే ఉంచి, మెల్లగా తగ్గించడం. తేడా ఒక్కటే. వాళ్ల లెక్కలో నాలుగింటికి తిరిగి రాకపోవడం గెలుపు. మహాదేవి కథలో తిరిగి రావడమే గెలుపు. గిల్లూ బయట గూడు కట్టిందా, జత కట్టిందా అని కథ అడగదు. అడిగితే అది గిల్లూ కథ కాదు, ఉడుత కథ అవుతుంది.

మన దగ్గర ఉడుత కథ ఇంకోలా ఉంది. వాల్మీకిలో లేని ఉడుతని గోన బుద్ధారెడ్డి ద్విపదలో రాసిన రంగనాథ రామాయణం వారధి దగ్గరికి తెచ్చింది. అది ఇసుకలో పొర్లి వచ్చి వంతెన మీద దులుపుతుంది. రాముడు మెచ్చి వీపు నిమిరితే చారలు పడ్డాయని జనం చెప్పుకుంటారు. మూడు వేళ్లు, మూడు చారలు. ఉత్తరాదిలో ఎక్కువగా కనిపించేది ఐదు చారలది, ఈ లెక్క దానికి కుదరదు. ‘ఉడుతా భక్తి’ అనే మాటని ఇప్పుడు చందా ఇచ్చేటప్పుడు వినయం కోసం వాడేస్తున్నాం కానీ, ఆ కథలో నాకు నచ్చేది నిమిరిన తర్వాత జరిగేది. ఏమీ జరగదు. రాముడు దానికి పేరు పెట్టడు, అయోధ్యకి తీసుకుపోడు. ఉడుత తన పనికి పోతుంది.

పెద్ద జంతువుల విషయంలో మనకి ఈ ఇంగితం తొందరగానే వస్తుంది. 2023 మార్చిలో మా నంద్యాల జిల్లా కొత్తపల్లి మండలం పెద్ద గుమ్మడాపురంలో నాలుగు పులి పిల్లలు దొరికినప్పుడు, అందరూ అడిగింది తల్లి ఎక్కడ అనే. అటవీశాఖ వాళ్లు తల్లి పులి దగ్గరికి చేర్చాలని చూశారు, కుదరక తిరుపతి జూకి తరలించారు. పులిని ఎవరూ ‘పెంచుకుందాం’ అనరు. ఉడుత చిన్నది, అరచేతిలో పడుతుంది. అందుకే ఆ ‘కొను’ వచ్చి చేరుతుంది.

అయితే ఇంత తేలిగ్గా మహాదేవి మీద తీర్పు చెప్పెయ్యలేను. మా ఉడుత పాలు మానేసి వేప పండ్లు, జామ ముక్కలు తినే రోజులొచ్చాక, దాన్ని చేత్తో పట్టుకోవడం తగ్గించాలని చెబితే అమ్మ వింది కానీ, “ఉండనీలేరా, ఇంట్లో చప్పుడన్నా ఉంటాది” అంది. నాన్న పోయాక ఆ ఇంట్లో ఒక్కతే. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. వారం తర్వాత తనే అంది: “నిన్ను సాకి బెంగుళూరికి పంపలే? దీన్ని గూడా పంపుదాం పా.” ఆళ్లగడ్డ దగ్గర మా చిన్నాయన మామిడితోటలో బోను పెట్టి, పది రోజుల తర్వాత తలుపు తీశాం. మూడు రోజులు వచ్చి తినిపోయింది. నాలుగో రోజు నుంచి రాలేదు. తోటలో ఉడుతలు చాలా ఉన్నాయి. ఏది మాదో చెప్పలేం.

దీని తర్వాత ‘గిల్లూ’ ముగింపు వేరుగా వినిపించింది. చివరి రాత్రి గిల్లూ ఊయల దిగి వచ్చి, చిన్నప్పుడు పట్టుకున్న ఆ వేలినే చల్లబడిన చేతులతో పట్టుకుంటుంది. చాలా అందమైన నిర్మాణం. మొదటి పట్టు, చివరి పట్టు, మధ్యలో రెండేళ్లు. కానీ ఆ వేలు పూర్తిగా వదిలిన ఉడుత గురించి ఎవరూ ఇంత బాగా రాయలేరు, ఎందుకంటే అది ఎలా పోయిందో ఎవరికీ తెలియదు. వదిలేసిన ప్రాణికి కథ ఉండదు. ‘గిల్లూ’ మనకి దక్కిందంటే, ఆ విడుదల సగంలోనే ఆగింది కాబట్టి. ఒంటరి మనిషి ప్రేమకి అంతకన్నా ఎక్కువ అడగొచ్చా? అడగొచ్చనే నాకనిపిస్తుంది, అది ఎంత ఖరీదైనదో తెలిసి కూడా.

గిల్లూని సోన్‌జుహీ తీగ కింద పాతిపెట్టాక, ఊయల దించేస్తారు. జాలీ మూల మూసేస్తారు. పాఠంలో మనం ఆ తీగ దగ్గరే ఆగిపోతాం, పరీక్షలో అడిగేదీ అదే. కానీ మూసిన జాలీ అవతల కొత్త తరం ఉడుతలు ఇంకా కిచకిచమంటూనే ఉన్నాయని కూడా మహాదేవి రాసింది. వాటికి పేర్లు లేవు. మళ్లీ చదివితే ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగండి.