నాలుగు మైక్రాన్ల పనితనం

ముట్లు ఆగి ఏళ్లు గడిచాక మళ్లీ ఎరుపు కనిపిస్తే పానగల్‌లోనైనా, పట్నంలోనైనా ఇంటిల్లిపాదికీ ముందు క్యాన్సర్ భయమే. స్కానింగులో గర్భసంచి పొర దళసరిగా, లోపల చీముతో కనిపిస్తే డాక్టరుకూ అదే అనుమానం. దాన్ని తేల్చేది ముక్క పరీక్ష. ఆ ముక్కను అద్దం పలక (స్లైడ్) మీదికి ఎక్కించే టెక్నీషియన్ పేరు మాత్రం ఎవరికీ తెలియదు.

క్యాన్సరని భ్రమపెట్టే అరుదైన జబ్బు ఒకటుంది: శాంథోగ్రాన్యులోమాటస్ ఎండోమెట్రైటిస్. బరువా, కిర్క్‌లాండ్, పెట్రుక్కో 1978లో దీన్ని వర్ణించారు. గర్భసంచి ముఖద్వారం ఇరుకై చీము, నెత్తురు లోపలే నిలిచిపోతే, శిథిలమైన కణాల కొవ్వును మింగడానికి మాక్రోఫేజ్ కణాలు చేరతాయి. మింగి మింగి ఉబ్బి, పొరంతా అవే నిండిపోతాయి.

ఈ జబ్బు తేలాలంటే ముందు ముక్క పలకకెక్కాలి. ఫార్మలిన్‌లో నానిన ముక్క ఆల్కహాల్‌లో నీటిని, జైలీన్‌లో ఆల్కహాల్‌ను వదిలి, కరిగిన మైనంలో బిగుసుకుంటుంది. ఆ దిమ్మను చల్లబరిచి మైక్రోటోమ్‌కు బిగిస్తారు. చక్రం తిప్పుతుంటే మూడు, నాలుగు మైక్రాన్ల పొరలు ఒకదాని కొస ఒకటి పట్టుకుని రిబ్బనులా దిగుతాయి. మిల్లీమీటరును 1000 పాళ్లు చేస్తే అందులో నాలుగు! బ్లేడుకు గంటు పడితే పొర పొడుగునా గీత. దిమ్మ వేడెక్కితే ముడత. రిబ్బనును గోరువెచ్చని నీళ్ల మీద పరిచి, పలకను ఏటవాలుగా ముంచి పైకెత్తే క్షణం నాకు అపురూపం. గాలిబుడగ చిక్కకుండా ఎత్తడం చేతికి రావాలంటే ఏళ్లు పడుతుంది. ఆపైన హెమటాక్సిలిన్ నీలం, ఇయోసిన్ గులాబీ.

చిత్రమేమిటంటే, ఆ మాక్రోఫేజ్‌లు మింగిన కొవ్వు ఈ ద్రావకాల్లోనే కరిగిపోయింది. సూక్ష్మదర్శినిలో కనిపించే నురుగు, ఆ కొవ్వు ఖాళీ చేసిన చోటు. పానగల్ ఛాయా సోమేశ్వరాలయంలో పగలంతా నిలకడగా ఉండే నీడను బట్టి స్తంభాల కూర్పును ఊహించినట్టు, పాథాలజిస్టు ఖాళీని చూసి కొవ్వును పోల్చుకుంటారు. కోత మందమైతే ఆ బుడగలు ఒకదానిమీదొకటి పడి ఏమీ తేలదు.

నురుగు కనబడిందని అక్కడితో ఆపకూడదు. కొన్ని క్యాన్సర్ కణాలూ తెల్లగా, ఖాళీగా ఉంటాయి. పక్కనే క్యాన్సర్ దాగి ఉండవచ్చు కూడా. అందుకే వచ్చిన ముక్కలన్నీ ఎక్కిస్తారు. మాక్రోఫేజ్‌లను గుర్తుపట్టడానికి సీడీ68, క్షయకు జీల్-నీల్సన్, మలకోప్లేకియా అనే మరో జబ్బుకు పాస్ (PAS) రంగులు వేస్తారు. వీటన్నిటికీ పొరలు ఆ గోరంత ముక్కలోంచే రావాలి. మంచి టెక్నీషియన్ మొదటి కోతల్లోనే దిమ్మను చెక్కి పారేయరు, పొదుపుగా కోసి మిగులుస్తారు. హైదరాబాద్‌లో మరో డాక్టరుకు చూపించుకోవాలంటే ఆ మిగిలిన దిమ్మే అక్కరకొస్తుంది; రిపోర్టు కాగితంతో పాటు దాన్నీ, స్లైడ్లనూ అడిగి తీసుకెళ్లండి.