తోలుబొమ్మకు కావలసిన చీకటి

గడచిన శీతకాలమున ఒక నగరోద్యానములో జరిగిన కళామహోత్సవమునకు వెళ్ళితిని. పచ్చికబయలున ఒక మూల రాజస్థానమువారి కఠ్‌పుత్లీలు, వేఱొక మూల కేరళీయుల చెండమేళము, నడుమ నడుమ చేనేత అంగళ్ళు, మిఠాయిబండ్లు. వీని నన్నిటిని దాటి పోగా, వేపచెట్టు క్రింద వెదురుగడలకు కట్టిన తెల్లని తెర యెదుట జనులు గుమిగూడియుండిరి. తోలుబొమ్మలాట! లంకాదహన ఘట్టము నడచుచున్నది. కాని స్తంభముల మీది విద్యుద్దీపముల వెలుగు తెర ముందువైపున కురియుచుండుటచేత, హనుమంతుడు వెలవెలబోయి, నీట తడిసిన పటమువలె కానవచ్చెను. ఇరువది నిమిషములు గడచినవో లేదో, నిర్వాహకుడొకడు వచ్చి, లంక పూర్తిగా కాలకమునుపే ఆట చాలింపుమనెను. ఆ రాత్రి నాకు కలిగిన బాధ ఇంతవఱకు తీఱలేదు.

తోలుబొమ్మలాట వెలుతురుతో చేయు విద్య. మేకతోలును నీట నానవైచి, వెండ్రుకలు పోవునట్లు గీకి, ఎండలో బిగియ సాగదీసి ఆఱబెట్టగా, అది పలుచనై వెలుతురును తనలోనుండి పోనిచ్చును. దానిపై రూపము గీసికొని, మొద్దుమీద పఱచి, సన్నని ఉలులను సుత్తితో కొట్టుచు రంధ్రములు తీయుదురు. ఒక్క కిరీటముననే గుండ్రనివి, కోలవి, అర్ధచంద్రాకారములు, ఎన్నెన్ని రంధ్రములో! పగటివేళ చేతనుంచుకొని చూచితిమేని అవి వట్టి చిల్లులు. దీపము వెనుకకు వచ్చినతోడనే ఒక్కొక్క చిల్లు ఒక్కొక్క మణియై మెఱయును. రంగులు రెండువైపులను వేయుదురు గనుక తెరపై పడునది రంగుల నీడ. ఒడిశావారి నీడబొమ్మలాటయైన రావణఛాయలో బొమ్మలకు కీళ్ళును లేవు, రంగులును లేవు; నల్లని నీడయొక్క గాంభీర్యము దాని సొత్తు. మన బొమ్మలు మాత్రము నాలుగడుగులు మొదలు ఆఱడుగులవఱకు ఉండి, భుజములకు, మోచేతులకు, నడుమునకు, మోకాళ్ళకు కీళ్ళు గలిగి, నిట్టనిలువున చీల్చిన వెదురుబద్ద వెన్నెముకగా, చేతులకు వేఱువేఱు పుల్లలతో నిలుచును.

ఇక తెర వెనుక జరుగునది చూడవలెను. ఈతముళ్ళతో కూర్చిన తెల్లని వస్త్రముల వెనుక, దీపముల వరుసకు ముందు, ఆటగాడు నిలుచుండి, రెండు చేతుల రెండు బొమ్మలను పట్టి, తానే పాడుచు, తానే పలుకుచు, యుద్ధఘట్టము రాగానే కాలిక్రింది చెక్కపలకను దడదడ త్రొక్కును. ఆటగాని యింటి యాడువారు సీతకును మండోదరికిని గొంతు నిత్తురు. ఒక కొడుకు మృదంగమును, మఱొకడు తాళములను అందుకొనును. బొమ్మను తెరకు అదిమిపట్టినచో గీత గీతయు స్పష్టముగా కానవచ్చును. దీపమువైపునకు ఇంచుక వెనుకకు లాగినచో నీడ పెరిగి, అంచులు కరగి, రాక్షసుడు ఆకాశమునుండి దిగుచున్నాడేమో యనిపించును. మణికట్టు ఒక్క జానెడు కదలించి అంత భయమును కల్పింపగల నేర్పు ఏ పాఠశాలలోను నేర్పునది కాదు. పూర్వము ఆముదపు దీపశిఖ గాలికి వణకినప్పుడు నిశ్చలముగానున్న బొమ్మకు సైతము ఊపిరి వచ్చినట్లుండెడిది. విద్యుద్దీపము వచ్చిన పిదప ఈ చలనము పోయినది; ఇది చిన్న నష్టము కాదని నా నమ్మకము.

13వ శతాబ్దిలోనే పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున ఈ బొమ్మలను ప్రస్తావించెను. రాయలసీమలో ఈ విద్యను నిలిపిన కుటుంబములలో పెక్కు ఇంట మరాఠీ మాటలాడుకొనుచు, తెర వెనుక మాత్రము రంగనాథ రామాయణపు ద్విపదలను తేటతెలుగున ఆలపించుచుండుట నాకు ఎల్లప్పుడును ఆశ్చర్యము గొలుపును. వానలు లేని యేట ఊరివారు వాన కురియునను నమ్మకముతో చందాలు వేసికొని విరాటపర్వ మాడించెడివారు. గణపతిని, సరస్వతిని తెరపై నిలిపి ప్రార్థించిన తరువాత, కేతిగాడును బంగారక్కయు వచ్చి నవ్వించెడివారు; కథ మాత్రము తెల్లవాఱుదాక సాగెడిది. పిల్లలు నిద్రపోయి, మరల లేచి, నడుమ పోయిన కథను తల్లి నడిగి తెలిసికొనెడివారు.

ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంట నేటికిని ఈ కళకు నిలయము. ఆ గ్రామమునకు చెందిన తోలుబొమ్మల కళాకారులు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. అయితే అచటి పనివారికి నేడు కూడు పెట్టునవి చాలవఱకు తోలుతో చేసిన దీపపు తొడుగులు, గోడకు వ్రేలాడదీయు పటములు. అవి చక్కని వస్తువులే. వానిని కొనుట మంచిదే. కాని దీపపు తొడుగునకు ద్విపద అక్కఱలేదు, మృదంగ మక్కఱలేదు. ఆట ఆడనిచో ఆ యిండ్ల పిల్లలకు పాట వచ్చు మార్గమే లేదు.

ఉద్యానవనము ఈ యాటకు పరాయిది కాదు. నాలుగు గోడల రంగశాలకంటె ఆరుబయలే దీనికి తగిన చోటు. నేలపై కూర్చుండుట, లేచి తిరుగుట, తెర వెనుకకు తొంగిచూచుట ఇందలి మర్యాదలే. కావున ఇట్టి మహోత్సవములు నడపు పెద్దలకు విన్నవించునది ఇది. చెట్లు దట్టముగానున్న ఒక మూలను వీరికి కేటాయింపుడు. ఆ చుట్టుపట్ల దీపముల నార్పించుడు. ఒక ఘట్టమైనను తుదిముట్ట ఆడుటకు కనీసము రెండు గంటలు విడువుడు. తెర ముందు వేయించు చాపలతోపాటు, వెనుకవైపున పిల్లలకొఱకు రెండు చాపలు వేయింపుడు.