ప్రిన్స్‌టన్ ఆట పరాయి ఊళ్లో

1996 మార్చి 14. ఇండియానాపొలిస్‌లో అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ జాతీయ టోర్నీ తొలి రౌండ్. కిందటేడు కప్పు గెలిచిన యూసీఎల్‌ఏకి ఎదురుగా ప్రిన్స్‌టన్. 34-41తో వెనకబడ్డ ప్రిన్స్‌టన్, చివరి ఆరు నిమిషాల్లో ప్రత్యర్థికి ఒక్క పాయింటూ ఇవ్వకుండా స్కోరు సమం చేసింది. ఇక మిగిలింది కొన్ని సెకన్లే. బంతి సెంటర్ స్టీవ్ గుడ్రిచ్ చేతిలో ఉంది. మొదటి సంవత్సరం కుర్రాడు గేబ్ లెవల్లిస్ పాస్ కోసం బయటికి వస్తున్నట్టు కదిలాడు. డిఫెండర్ అటు మొగ్గాడు. మరుక్షణం లెవల్లిస్ అతని వీపు వెనక నుంచి రింగ్ కిందికి పరిగెత్తాడు. గుడ్రిచ్ నేలకు కొట్టిన బంతి అక్కడ అతని చేతికందింది. బోర్డుకు తగిలించి లోపల వేశాడు. 43-41.

దీన్ని బ్యాక్‌డోర్ కట్ అంటారు. ప్రిన్స్‌టన్ ఇలా ఆడుతుందని కాలేజీ బాస్కెట్‌బాల్ చూసేవాళ్లందరికీ తెలుసు. తెలిసినా ఆపలేరు. ఆ దారి తెరిచేది డిఫెండరే మరి.

ఈ ఆటను తీర్చిదిద్దిన పీట్ కారిల్ పెన్సిల్వేనియాలోని బెత్లెహేమ్‌లో పుట్టాడు. స్పెయిన్ నుంచి వలస వచ్చిన తండ్రి అక్కడి ఉక్కు మిల్లులో కూలి. 1967 నుంచి 1996 దాకా 29 సీజన్లు ప్రిన్స్‌టన్‌కు కోచ్‌గా ఉండి 514 మ్యాచ్‌లు గెలిపించాడు. ఆ యూనివర్సిటీ ఉన్న ఐవీ లీగ్‌లో ఆటగాళ్లకు క్రీడా స్కాలర్‌షిప్‌లు ఉండవు. చదువులో నెగ్గినవాడే ఆడాలి. ఎత్తులోనూ వేగంలోనూ మించినవాళ్లు ఎప్పుడూ అవతలి జట్టులోనే ఉంటారు. కాబట్టి ఒంటి బలం మీద కాక చూపు మీద, పాస్ మీద ఆధారపడే ఆట కావాల్సి వచ్చింది.

మొదటి మార్పు సెంటర్ స్థానంలో. మామూలుగా జట్టులో అందరికన్నా పొడుగైనవాడు రింగ్ పక్కనే నిలబడతాడు. కారిల్ అతన్ని ఫ్రీ త్రో లైన్ మూల దాకా బయటికి లాగాడు. అతని వెంట అవతలి పొడుగాటి డిఫెండరూ రాక తప్పదు. దాంతో రింగ్ కింద చోటంతా ఖాళీ. మిగతా నలుగురూ త్రీ పాయింట్ లైన్ వెంబడి విడివిడిగా నిలబడతారు.

ఆ తర్వాత ఎవరు ఎటు కదలాలన్నది డిఫెండర్‌ని బట్టి ఉంటుంది. అతను మీదపడి పాస్‌కు అడ్డొస్తే, వెనక నుంచి లోపలికి పరిగెత్తాలి. వెనక్కి తగ్గితే, బంతి అందుకుని అక్కడి నుంచే త్రీ వేయాలి. బంతి పట్టుకున్న గార్డ్ పాస్ ఇవ్వకుండా డ్రిబుల్ చేస్తూ నేరుగా సహచరుడి వైపే వస్తున్నాడంటే, అదే సైగ: చోటు ఖాళీ చెయ్, లోపలికి కట్ చెయ్. నోటితో చెప్పే పని లేదు. అష్టావధానంలో పూరణ ముందే రాసుకుని రావడం కుదరనట్టే ఇక్కడా సమస్య ఇచ్చేది ఎదుటివాడు, అక్కడికక్కడ పూరించాల్సింది ఆటగాడు.

అయితే అక్కడికక్కడ తోచడానికి ఏళ్ల సాధన కావాలి. కట్ చేసేవాడు ముందు బయటికి నిజంగా రెండడుగులు వేయాలి. డిఫెండర్ నమ్మి బరువు ముందుకు వేసేదాకా ఆగాలి. అప్పుడు బయటి కాలు గట్టిగా నేలకు అదిమి తిరగాలి. సగం మనసుతో వేసిన అడుగును ఎవరూ నమ్మరు. సెంటర్ పాస్‌ను మనిషి ఉన్నచోటికి కాదు, అతను చేరబోయే చోటికి, డిఫెండర్ చేతి కిందనుంచి నేలకు కొట్టి పంపాలి. అర క్షణం ఆలస్యమైతే దారి మూసుకుపోతుంది. పైగా ఐదుగురికీ దూరం నుంచి షాట్ రావాలి. ఒక్కడికి రాకపోయినా అతని డిఫెండర్ హాయిగా రింగ్ కింద కాపు కాస్తాడు.

కారిల్ శిష్యులు ఈ విద్య పట్టుకుని వేరే ఉద్యోగాల్లోకి వెళ్లినప్పుడే దాని అసలు పరీక్ష మొదలైంది. 2000లో బిల్ కార్మొడీ ప్రిన్స్‌టన్ వదిలి నార్త్‌వెస్టర్న్‌కు వెళ్లాడు. చదువుకు పేరున్న కాలేజీ, బాస్కెట్‌బాల్‌లో వెనకబడ్డ జట్టు. చూడటానికి సరిగ్గా సరిపోయే జోడీ. కానీ అది ఆడేది బిగ్ టెన్ లీగ్‌లో, వారం వారం దేశంలోని పెద్ద జట్లతో. 13 సీజన్లలో జట్టుకు పరువు తెచ్చాడు, 2009 నుంచి వరసగా నాలుగేళ్లు రెండో శ్రేణి టోర్నీ అయిన ఎన్‌ఐటీకి చేర్చాడు. అసలు జాతీయ టోర్నీకి మాత్రం చేర్చలేకపోయాడు.

2004లో జాన్ థాంప్సన్ ది థర్డ్ ప్రిన్స్‌టన్ నుంచి జార్జ్‌టౌన్‌కు మారాడు. అక్కడి సంప్రదాయం దీనికి పూర్తిగా ఎదురు. అతని తండ్రి పాట్రిక్ యూయింగ్ లాంటి భారీ సెంటర్లతో, ఊపిరాడనివ్వని డిఫెన్స్‌తో 1984లో కప్పు తెచ్చిన చోటది. 1989లో ఆ తండ్రి జట్టే కారిల్ జట్టు చేతిలో ఓడబోయి 50-49తో బయటపడింది. కొడుకు కారిల్ దగ్గర ఆడి పట్టా పుచ్చుకున్నది దానికి ముందు ఏడాదే. జార్జ్‌టౌన్‌లో అతనికి 7 అడుగుల 2 అంగుళాల రాయ్ హిబ్బర్ట్ దొరికాడు. అంత మనిషిని పూర్తిగా బయట నిలబెట్టడం దండగ. రింగ్ కిందా ఆడించాడు. బంతి పంచే పని ఎక్కువగా ఫార్వర్డ్ జెఫ్ గ్రీన్‌కు అప్పగించాడు. 2007లో నార్త్ కరోలినాను ఓవర్‌టైమ్‌లో ఓడించి ఫైనల్ ఫోర్, అంటే జాతీయ టోర్నీ సెమీఫైనల్, చేరారు. ఇదీ శాశ్వతం కాలేదు. 2013 జాతీయ టోర్నీకి రెండో సీడ్‌గా వెళ్లి 15వ సీడ్ ఫ్లోరిడా గల్ఫ్ కోస్ట్ చేతిలో ఓడారు, 2017లో థాంప్సన్ ఉద్యోగం పోయింది.

కారిల్ కూడా 1996లో కాలేజీ ఆట వదిలి ఎన్‌బీఏలో శాక్రమెంటో కింగ్స్‌కు అసిస్టెంట్‌గా చేరాడు. అప్పట్లో కాలేజీలో 35 సెకన్ల షాట్ క్లాక్ ఉంటే అక్కడ 24. నిమ్మళంగా పాస్‌లు తిప్పుతూ కూర్చునే వీలు లేదు. కానీ వ్లాడే డివాచ్, క్రిస్ వెబర్ అనే ఇద్దరు పొడుగాటివాళ్లకు పాస్ ఇవ్వడం అద్భుతంగా వచ్చు. అవే కట్‌లు వేగంగా పడ్డాయి. 2001-02లో ఆ జట్టు 61 మ్యాచ్‌లు గెలిచింది. అంతకాలం నెమ్మది ఆటగా ముద్రపడ్డ విద్యకు నెమ్మదితనం ప్రాణం కాదని అక్కడ తేలింది.

1996 మ్యాచ్‌లో గార్డ్‌గా ఆడిన మిచ్ హెండర్సన్ నార్త్‌వెస్టర్న్‌లో కార్మొడీకి అసిస్టెంట్‌గా 11 సీజన్లు పనిచేసి, 2011లో ప్రిన్స్‌టన్‌కే కోచ్‌గా వచ్చాడు. గురువు ఆటను పటం కట్టి పూజించలేదు. త్వరగా షాట్లు వేయించాడు, సహచరుడి డిఫెండర్‌కు అడ్డంగా నిలబడే స్క్రీన్లు పెంచాడు. 6 అడుగుల 8 అంగుళాల ఫార్వర్డ్ టోసాన్ ఎవ్‌బువోమ్‌వాన్ చేతికి బంతి ఇచ్చి మొత్తం ఆటను అతని చుట్టూ తిప్పాడు. కారిల్ చనిపోయిన మరుసటి ఏడాది, 2023 జాతీయ టోర్నీలో, ఈ జట్టు 15వ సీడ్‌గా అరిజోనాను 59-55తో ఓడించింది. ఆ మ్యాచ్ జరిగింది శాక్రమెంటోలోనే.

ఇప్పటి కోచ్‌లకు ఏళ్ల తరబడి సాధన చేయించే తీరిక లేదు. 2021 నుంచి ఆటగాళ్లు ఏడాది ఖాళీగా కూర్చోకుండా కాలేజీ మారవచ్చు. ఒక్క వేసవిలో జట్టంతా మారిపోతుంది. 2024లో ఫ్లోరిడా అట్లాంటిక్ నుంచి మిషిగన్‌కు వెళ్లిన డస్టీ మే తన సెంటర్ గోల్డిన్‌ను వెంట తీసుకెళ్లాడు. యేల్ నుంచి ఏడడుగుల డానీ వోల్ఫ్‌ను తెచ్చుకుని, అతనిచేత గార్డ్‌లా బంతి నడిపించాడు. పాత కాలేజీలో మే జట్టు గార్డుల మీద నడిచేది. కొత్తచోట పొడుగాటివాళ్ల మీద నడిచింది. బిగ్ టెన్ టోర్నీ గెలిచింది. ఇది ప్రిన్స్‌టన్ పద్ధతి కాదు, పాఠం మాత్రం అదే: చేతిలో ఉన్న ఆటగాళ్లను బట్టే ఆట.

అందుకే కొత్త కోచ్ వచ్చాడనగానే వేగంగా ఆడిస్తాడా, నెమ్మదిగా ఆడిస్తాడా అని వాదించుకోవడం కన్నా మొదటి నాలుగైదు మ్యాచ్‌ల్లో ఒకటి గమనించడం మేలు. బంతిని ఎవరి చేతికిస్తున్నాడు? అతను పాత కాలేజీలో ఆ స్థానంలో ఆడినవాడి నకలైతే, కోచ్ ఇంకా పాత ఊళ్లోనే ఉన్నట్టు. కొత్త జట్టులో అందరికన్నా బాగా చూడగలవాడైతే, కోచ్ పని మొదలైనట్టే.