మూగజీవికి చరమశ్లోకం

పదిహేడు సంవత్సరాలు మా ఇంట మసలిన పిల్లి గడచిన మాఘమాసంలో కాలం చేసింది. ఈ ఒక్క వాక్యం వ్రాయడానికి నాకు మూడు దినాలు పట్టింది. దుఃఖం కొంత కారణం, క్రియాపదం కొంత కారణం. ‘చచ్చింది’ అందామంటే చేయి రాలేదు. ‘మరణించింది’ అంటే వార్తాపత్రిక చదివినట్టుంది. ‘కన్నుమూసింది’ అనడం అసత్యం. పిల్లి కన్నులు తెరచుకొనే ప్రాణం విడుస్తుందని ఆనాడు చూచాను. ‘కాలం చేసింది’ అన్నది పెద్దలకు వాడే మాట. దానిని పిల్లికి వాడినందుకు పాఠకులలో కొందరు నవ్వుకుంటారు, కొందరు నొచ్చుకుంటారు. ఆ నవ్వుకూ ఆ నొప్పికీ మన సాహిత్యంలో ఉన్న మూలాన్ని కాస్త తడవి చూడాలని ఈ వ్యాసం.

మా నివాసం ఢిల్లీలో, యమునకు తూర్పున, లక్ష్మీనగర్‌లో. మూడవ అంతస్తు. క్రింద వీధి పొడవునా సి.ఏ. పరీక్షలకు శిక్షణ ఇచ్చే సంస్థల బోర్డులు. ఆ చదువుకే గుంటూరు నుంచి వచ్చి మా క్రింది వాటాలో అద్దెకున్న కుర్రవాడు సంగతి విని, “పిల్లే కదండీ మాస్టారూ, ఇంకోదాన్ని తెచ్చుకోండి” అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. మెట్ల దగ్గర ఎదురైన పంజాబీ వృద్ధురాలు “చలీ గయీ బేచారీ” అని నిట్టూర్చింది. ఆమెకు క్రియాపదం కొరకు వెదుకులాట లేదు. మనిషి పోయినా పిల్లి పోయినా హిందీలో ఆ మాటే సరిపోతుంది. మన కుర్రవాడి ‘పిల్లే కదా’ అన్న మాటలోని ఆ ఏకారం మాత్రం అతడిది కాదు. దాని వెనుక ఒక సాహిత్య సంప్రదాయమే ఉంది.

స్మృతికావ్యం మనకు కొత్తది కాదు. భార్య గతించగా విశ్వనాథ సత్యనారాయణగారు ‘వరలక్ష్మీ త్రిశతి’ వ్రాశారు. ఇంట మసలిన జంతువు పోతే కవి ఏం చేయాలన్న ప్రశ్నకు మాత్రం మన లాక్షణికులు సూటిగా సమాధానం చెప్పలేదు. చెప్పినంతలో వైరుధ్యం ఉంది. సాహిత్యదర్పణకారుడు శృంగారం తిర్యక్కుల యందు వర్ణితమైతే అది రసం కాదు, రసాభాస అన్నాడు. అనౌచిత్యం అని హేతువు చూపాడు. ఆదికావ్యానికి మూలమని మనం చెప్పుకొనేది మాత్రం ఒక పక్షి చావు! జంటలో ఒకటి నేలకూలగా రెండవది ఏడ్చిన ఏడుపు శ్లోకమైందని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో అంటాడు. దానిని వ్యాఖ్యానిస్తూ అభినవగుప్తుడు ఇంకొక అడుగు వేశాడు. ఆ శోకం మునిదని భావించరాదన్నాడు. ముని తన దుఃఖంలో తానే మునిగి ఉంటే కావ్యం పుట్టదని ఆయన వాదం. అప్పుడు శోకం ఎవరిది? క్రౌంచానిదే. అంటే ప్రత్యభిజ్ఞాశాస్త్రానికి వ్యాఖ్య వ్రాసిన అంతటి మహామేధావి ఒక పక్షికి స్థాయీభావాన్ని నిస్సంకోచంగా ఒప్పుకొన్నాడన్నమాట. రసాభాస సూత్రాన్ని కంఠస్థం చేసినంత శ్రద్ధతో మనం ఈ మాటను గుర్తుంచుకోలేదు.

తర్వాతి మన కావ్యాలలో జంతువులకు కొరత లేదు. వాటికి జంతువులుగా బ్రతికే అవకాశమే కొరత. శృంగారనైషధంలో నలునికి చిక్కిన హంస తన ముసలి తల్లిని తలచి విలపిస్తుంది, కాని మనిషి నోటితో. అనంతామాత్యుని భోజరాజీయంలో ఆవు సత్యవాక్యానికి కట్టుబడి పులి ఎదుటికి తిరిగి వస్తుంది, కాని హరిశ్చంద్రుని మనసుతో. భాగవతంలోని గజేంద్రుడు పూర్వజన్మలో రాజు, మకరం గంధర్వుడు. తిక్కన మహాప్రస్థానిక పర్వంలో ధర్మరాజు వెంట నడచిన కుక్క కోసం స్వర్గాన్నే వద్దన్నాడు. ఒక మూగజీవి పక్షాన మనిషి ఇంతటి మాట మరెక్కడా అనలేదు. మరుక్షణం ఆ కుక్క యమధర్మరాజుగా మారిపోతుంది! కుక్క కుక్కగానే మిగిలి ఉంటే ధర్మరాజు త్యాగం ఇంకా బరువెక్కేదని నాకు చిరకాలంగా ఒక అసంతృప్తి. మన కాలానికి వస్తే జాషువగారి ‘గబ్బిలం’ మహత్తర కావ్యం. ఆ గబ్బిలం కవి వేదనను శివుని చెవికి చేరవేయవలసిన దూత. ముసలిదైతే దాని గతి ఏమన్న ప్రశ్న ఆ కావ్యానికి పుట్టదు, పుట్టనక్కరలేదు.

ఇక పిల్లి సంగతి మరీ అన్యాయం. చిన్నయసూరి నీతిచంద్రిక (1853) చదివిన వారికి పిల్లి అనగానే దీర్ఘకర్ణం గుర్తుకు వస్తుంది. గ్రుడ్డి గ్రద్దను నమ్మించి పక్షి పిల్లలను తిన్న కపటి అది. తెనాలి రామకృష్ణుని పిల్లి వేడి పాలకు మూతి కాల్చుకొని నవ్వులపాలైంది. ఎదురైతే అపశకునం, శపిస్తే ఉట్లు తెగవు. హిందీలో భగవతీచరణ్ వర్మ ‘ప్రాయశ్చిత్’ అనే కథ వ్రాశారు. కోడలి దెబ్బకు పిల్లి చచ్చిందనుకొని పురోహితుడు బంగారు పిల్లిని దానమిమ్మంటాడు. ఎన్ని తులాలన్న దానిపై బేరం సాగుతుంది. చివరకు పిల్లి లేచి పారిపోతుంది. నవ్వించే కథ. అయితే ఆ ఇంటిల్లిపాదిలో పిల్లి వంక చూచిన వారు ఒక్కరూ లేరన్నదే అందులోని అసలు వ్యంగ్యమని, దానిని మొదటిసారి చదివిన నలభై ఏళ్లకు గాని నాకు తట్టలేదు.

పాశ్చాత్యులు ఈ దారిలో మనకన్న ముందున్నారని తొందరపడనక్కరలేదు. థామస్ గ్రే 1748లో ప్రచురించిన మార్జాల గీతం ప్రసిద్ధం. మిత్రుడు వాల్పోల్ పిల్లి బంగారు చేపల తొట్టెలో పడి మునిగింది. గ్రే దానిని వీరకావ్య శైలిలో వర్ణించి, చివర స్త్రీలకు హితోపదేశం చేశాడు. నేర్పు ఉంది, పిల్లి లేదు. నూటయాభై ఏళ్ల తరువాత, 1904లో, థామస్ హార్డీ తన పిల్లికి వ్రాసిన వీడ్కోలులో పిల్లి ఉంది. ఇక ఏ జంతువునూ పెంచనని అతడు శపథం పడతాడు. కుర్చీ మీది బొచ్చు ఊడ్చివేయాలంటాడు, పొదల నడుమ అది నడచి చేసిన చిన్ని బాటలను చెరిపివేయాలంటాడు, చెట్టు బెరడుపై గోళ్ల గీతలను నునుపు చేయాలంటాడు. చెరపమని చెప్పే ఆ పట్టికలోనే పిల్లి మన కళ్లకు కడుతుంది. దానిని నేను మూడుసార్లు తెనిగించబోయి మానుకొన్నాను. ఛందస్సు కుదిరినచోట గోరు పోతోంది, గోరు నిలిచినచోట ఛందస్సు పోతోంది.

జపాను రచయిత నాత్సుమే సోసెకి ఇంకా కఠినుడు. అతని ‘నేనొక పిల్లిని’ నవల (1905–06) కీర్తికి కారణమైన ఇంటి పిల్లికి జీవితాంతం పేరే పెట్టలేదు. 1908 సెప్టెంబరులో అది చనిపోతే మిత్రులకు మరణవార్త కార్డులు పంపాడు. తరువాత వ్రాసిన చిన్న వ్యాసంలో ఆ పిల్లి చిక్కిపోవడం, కక్కుకోవడం, చూపు మందగించడం, దానిని ఇంటివారు అంతగా పట్టించుకోకపోవడం వరుసగా చెప్పాడు. పోయిన తరువాతనే ఇంట్లో హడావుడి మొదలైంది. సమాధి గుర్తు కావలసివచ్చింది, పిల్లలు పూలు పెట్టారు. తనను తాను నిందించుకొనే మాట ఒక్కటి వ్రాయకుండానే అతడు నిందను పూర్తిచేశాడు.

మరి మనకు ఇటువంటిది లేదా? ఉంది. కవుల పుస్తకాలలో కాదు, సూరి నాగమ్మగారి ‘శ్రీ రమణాశ్రమ లేఖలు’లో ఉంది. బాల్యవితంతువై, ఇంటి పట్టునే చదువు నేర్చుకొన్న ఆ తెలుగు ఇల్లాలు 1945 నుంచి అరుణాచలంలో తాను చూచినదీ విన్నదీ సోదరునికి లేఖలుగా వ్రాసింది. 1926లో పెయ్యగా ఆశ్రమానికి వచ్చిన లక్ష్మి అనే ఆవు 1948 జూన్ 18న కన్నుమూసింది. ఆవు గనుక ఈ మాట వాడుతున్నాను, చూడండి! భక్తులు ఈ లేఖలను భక్తి కోసం చదువుతారు, అది వారి హక్కు. నేను వచనం కోసం చదివాను. మహర్షి కొట్టంలోకి వెళ్లి ఆవు ప్రక్కన కూర్చున్నారు. తలపై చేయి వేశారు. నేను నీ దగ్గర ఉండాలా తల్లీ అని, పడకపై ఉన్న పెద్దవారిని అడిగినట్లు అడిగారు. పదకొండున్నర ప్రాంతంలో ప్రాణం పోయింది. స్నానం, పసుపు కుంకుమలు, పూలమాల, తరువాత సమాధి. అక్కడ అంతకుముందే ఒక లేడికీ ఒక కాకికీ ఒక కుక్కకూ సమాధులున్నాయి. లేఖకురాలు ఎక్కడా గొంతు పెంచదు. ఎవరు ఎక్కడ కూర్చున్నారో చెప్పితే చాలునన్న నమ్మకం ఆమెది. మన భావకవులలో పెక్కురకు లేని నమ్మకం అది.

ఆ సమాధికి మహర్షి తమిళంలో ఒక వెణ్బా వ్రాశారు. అందులో సర్వధారి సంవత్సరం, మాసం, శుక్లపక్ష ద్వాదశి, శుక్రవారం, విశాఖా నక్షత్రం ఉన్నాయి. ఆ దినాన ఆవు లక్ష్మి ముక్తి పొందిందని ఉంది. అంతే. ఉపమ లేదు, కన్నీరు లేదు, ఆవు గుణగణాల ప్రశంస లేదు. మనుష్యుల చరమశ్లోకాలలో తిథివార నక్షత్రాలు చెప్పడం తమిళ సంప్రదాయమే. ఆ గౌరవాన్ని అక్షరం మార్చకుండా ఆవుకు ఇవ్వడమే ఆయన చేసిన పని. ముక్తి అన్న మాటను విశ్వసించని పాఠకుడిని సైతం ఆ పద్యం ఆపుతుంది. పంచాంగంలో చోటు దొరకడం అంటే ఏమిటో తెలుగువానికి వేరే చెప్పనక్కరలేదు గదా.

హిందీలో ఈ పనిని గ్రంథరూపంలో సాధించినవారు మహాదేవీ వర్మ. 1972లో వెలువడిన ‘మేరా పరివార్’ అంతా ఆమె పెంచిన జంతువుల రేఖాచిత్రాలే. అయితే అన్నీ ఒక్క స్థాయివి కావు. ‘గౌరా’ అనే ఆవు కథలో, పాలు పోసేవాడు బెల్లంలో సూది పెట్టి తినిపించగా ఆవు దినదినం క్షీణిస్తుంది. ఆ క్షీణతను ఆమె చిత్రించిన తీరు అపూర్వం. కాని చివరకు వచ్చేసరికి గోవును పాలించే దేశమా అని ఆక్రోశం వెలువడుతుంది. అప్పటివరకు గౌరాగా ఉన్నది ఆ క్షణాన దేశంలోని ఆవులన్నిటికీ ప్రతినిధి అవుతుంది, మనం గౌరాను పోగొట్టుకుంటాం. ఉడుత కథ ‘గిల్లూ’లో ఆ లోపం లేదు. చివరి రాత్రి అది ఊయల దిగి ఆమె పడకపైకి వచ్చి, చల్లబడిన గోళ్లతో, పసితనంలో చావు నుంచి తప్పించుకొన్నప్పుడు పట్టుకొన్న వ్రేలినే మళ్లీ పట్టుకొంటుంది. దానిని ఆమె జాజితీగ క్రింద పాతిపెట్టింది. ఆ గోళ్ల చల్లదనం దేనికీ ప్రతీక కాదు. ఈ ప్రక్రియకు నేను కోరే కొలబద్ద అదొక్కటే.

మా ఇంటి సంగతి కొంత చెప్పక తప్పదు. పిల్లికి మూత్రపిండాలు చెడ్డాయి. ముసలి పిల్లులకు తరచుగా వచ్చేదే. రెండు నెలలు చర్మం క్రింద సెలైను ఎక్కించాము. చివర నీరు కూడా ముట్టలేదు. వైద్యుడు హిందీలో ‘సులా దేంగే’ అన్నాడు. నేను అలవాటుకొద్దీ మనసులో తెనిగించాను: నిద్రపుచ్చుదాం. అది ఉయ్యాల దగ్గర వాడే మాట. మా ఇంటావిడ నా మొగం చూచి, “చంపడమేగా ఆయన చెప్పేది?” అని అడిగింది. అవునన్నాను. “అయితే ఆ మాటే అనండి. అని, సరేనని చెప్పండి” అన్నది. న్యాయశాస్త్ర పుస్తకాలలో ‘కారుణ్య మరణం’ అన్న సమాసం ఉన్నది. ఆ బల్ల దగ్గర అది నాకు గుర్తుకు రాలేదు, వచ్చినా పలికి ఉండేవాడిని కాను. కరుణ ఉన్నదో లేదో చెప్పవలసినది మేము కాదు.

లక్ష్మీనగర్‌లో పాతిపెట్టడానికి జానెడు మట్టి లేదు. మయూర్ విహార్ అవతల యమున ఒడ్డున మొక్కల నర్సరీ నడిపే పరిచితుడొకడు ఒక మూల చోటిచ్చాడు. ఇంటికి వచ్చాక మా ఆవిడ గోడమీది పంచాంగంలో ఆ తేదీ గడి ప్రక్కన పెన్సిలుతో ‘పిల్లి’ అని వ్రాసింది. ఆమె రమణాశ్రమ లేఖలు చదవలేదు.

ఇప్పుడు ‘గిల్లూ’ను తెనిగిస్తున్నాను. హిందీలో అతడు పుంలింగం. నడిచాడు, తిన్నాడు, పడుకొన్నాడు. తెలుగులో ‘వాడు’ అంటే ఉడుత ముద్దుబిడ్డ అవుతుంది, ‘అది’ అంటే మళ్లీ ‘పిల్లే కదా’ అన్న కుర్రవాడి దగ్గరికి వస్తాము. వ్రాతప్రతి చూచిన మిత్రుడొకరు ‘వాడు’ అనే ఉంచమని సలహా ఇచ్చారు. దీర్ఘకర్ణాన్ని మనకిచ్చిన చిన్నయసూరే బాలవ్యాకరణంలో స్త్రీలను, తిర్యక్కులను, జడాలను మినహాయించి తక్కినవి మహత్తులన్నాడు. ఈ విభాగం చూచి స్త్రీలకు అవమానమని ఆగ్రహించిన వారున్నారు, ఆ ఆగ్రహంలో న్యాయమున్నది. కాని దాని ఫలితంగా తెలుగులో ‘అమ్మ వచ్చింది’, ‘పిల్లి వచ్చింది’ అన్న రెండు వాక్యాలకు ఒకే క్రియ.  మిత్రుని సలహా పాటించలేదు. ‘గిల్లూ పడుకొన్నది’ అనే ఉంచాను.