చెవితో తీసే ఫోటో

పద్యనాటకాన్ని ఫోటోలు తీయడానికి కొత్తగా వచ్చినవాళ్ళు కృష్ణుడో హరిశ్చంద్రుడో రాగం అందుకోగానే కెమెరా ఎత్తుతారు. హాలు ఊగిపోయేది అప్పుడే కాబట్టి ఫోటో కూడా అక్కడే దొరుకుతుందనుకుంటారు. తీరా చూస్తే నోరు బార్లా తెరిచి, మెడనరాలు ఉబ్బి, కళ్ళు మూసుకున్న మనిషి వస్తాడు. రాగం ఫోటోలో వినపడదు కదా! అసలు ఫోటో ఆ తరవాత ఉంటుంది. రాగం దించి, ఊపిరి వదిలి, నటుడు ఎదుటి పాత్రవైపు చూపు తిప్పుతాడు. పద్యంలో చెప్పిన కోపమో దుఃఖమో అప్పుడు ముఖంలోకి దిగుతుంది. అర సెకను కూడా నిలవదు. అది పోయినా కంగారుపడక్కర్లేదు, మన ప్రేక్షకులు ‘వన్స్ మోర్’ అంటారు. నటుడు అదే పద్యాన్ని, ఇంచుమించు అదే చోట నిలబడి, మళ్ళీ ఎత్తుకుంటాడు. మొదటిసారి విని రెండోసారి తీసేవాడికి ఇంతకంటే ఏం కావాలి?

రంగస్థలం ఫోటోలో కంటికంటే చెవికి పని ఎక్కువ. ఏ లెన్సు కొనాలని అడిగేవాళ్ళు చాలామంది ఉంటారు, ఏ దరువు ఎప్పుడు వస్తుందని అడిగేవాళ్ళు తక్కువ.

కూచిపూడిలో ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. నట్టువాంగం చేసేవారు జతి చెబుతుంటే నర్తకి వేదికంతా కలయతిరుగుతుంది. ఆ వేగంలో కెమెరాతో వెంటపడితే సగం ఫోటోల్లో చేతులు చెదిరి కనిపిస్తాయి. అయితే జతి చివర ముక్తాయింపు ఉంటుంది. ఒకే సొల్లుకట్టు, అంటే నోటితో చెప్పే ఒకే జతి ముక్క, మూడుసార్లు వచ్చి తాళం సమం మీద పడుతుంది, నర్తకి అక్కడ భంగిమలో నిలుస్తుంది. మొదటిసారి వినగానే ఫ్రేము సరిచేసుకోవాలి, రెండోసారికి ఫోకస్ కళ్ళమీద ఉండాలి, మూడోది పూర్తవుతుండగా వేలు కదలాలి. భంగిమ చూశాక నొక్కితే ఆలస్యమే. కన్ను చూసి, మెదడు చెప్పి, వేలు కదిలేలోగా చెయ్యి దిగిపోతుంది. ఎగిరే అడుగులకూ ఇదే లెక్క. పైకి లేచిన మనిషి దిగబోయేముందు ఒక్క లిప్తపాటు గాల్లో ఆగినట్టుంటుంది, అక్కడ సెకనులో 250వ వంతు షట్టర్ సరిపోతుంది. లేస్తున్నప్పుడో దిగుతున్నప్పుడో పట్టుకోవాలంటే 500వ వంతు కావాలి, దానికి తగ్గ వెలుతురు మన వేదికలమీద అరుదు. అభినయానికి వస్తే 125వ వంతు చాలు.

సెకనుకు ఇరవై ఫోటోలు తీసే కెమెరాలు వచ్చాయి కదా, ఇంకా తాళం గొడవెందుకని అడుగుతారు. తీయండి. తెల్లారి కూర్చుని రెండువేల ఫోటోల్లో వెతుక్కుంటే కాళ్ళు కుదిరినచోట చూపు తప్పి ఉంటుంది, చూపు కుదిరినచోట ముద్ర పూర్తయి ఉండదు. ఈ మూడూ కలిసేది ఎక్కడో నర్తకికి తెలుసు, నట్టువాంగం చేసేవారికి తెలుసు. మనకూ తెలిస్తే రెండు క్లిక్కులు చాలు.

కథ కూడా తెలిసుండాలి. భామాకలాపాన్ని పాత పద్ధతిలో ఆడితే సత్యభామ ముఖం ముందు కనపడదు. ఇద్దరు పట్టుకున్న తెర వెనక నిలబడి, జడను తెరమీదుగా ఇవతలికి వేస్తుంది. కూచిపూడికంతటికీ గుర్తులాంటి దృశ్యమది. వేదాంతం సత్యనారాయణ శర్మగారి సత్యభామను చూసినవాళ్ళు ఆ జడ గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ ప్రవేశం సంగతి తెలియని ఫోటోగ్రాఫర్ ఆ సమయానికి తెర ఎప్పుడు తీస్తారా అని ఎదురుచూస్తూ సెట్టింగులు సరిచూసుకుంటూ ఉంటాడు.

కూచిపూడి తరంగానికి కావలసింది సరైన చోటు. నర్తకి ఇత్తడి పళ్ళెం అంచుమీద నిలబడి దాన్ని తాళానికి కదుపుతుంటే, ముందువరసలో కూర్చున్న మనకు వేదిక అంచు అడ్డమొచ్చి పళ్ళెమే కనపడదు. పళ్ళెం లేని తరంగం ఫోటో తీసి ఏం లాభం? నాలుగైదు వరసలు వెనక్కి, వేదిక నేల కంటికి కొద్దిగా కిందుగా కనపడే చోటికి వెళ్ళాలి. అక్కడినుంచి 70–200 జూమ్ లెన్సుతో పాదం, అంచు, రెండూ దొరుకుతాయి. ఎఫ్ 2.8 జూమ్ ఖరీదు భరించలేనివాళ్ళకు 85 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు మంచి తోడు. జూమ్ కాదు కాబట్టి కాళ్ళకు కాస్త పని పెడుతుంది, అంతే.

ఇక వెలుతురు. వేదిక వెనక నల్లతెర, ముందు స్పాట్‌లైటు కింద మెరిసే నగలు. కెమెరాను దాని ఇష్టానికి వదిలేస్తే నల్లతెరను చూసి చీకటిగా ఉందనుకుంటుంది, వెలుతురు పెంచేస్తుంది, ముఖం తెల్లగా పాలిపోతుంది. అందుకే అనుభవమున్నవాళ్ళు మాన్యువల్‌లో పెట్టి ముఖం మీది వెలుగునే కొలుస్తారు. పాత హాలోజన్ లైట్ల పసుపుతో ఇబ్బంది తక్కువ, వైట్ బ్యాలెన్స్ 3,200 కెల్విన్ దగ్గర పెడితే దారికొస్తుంది. చిక్కంతా ఇప్పటి ఎల్ఈడీ రంగులతోనే. ముదురు ఎరుపు పడితే కెమెరాలో ఎరుపు ఒక్కటే నిండిపోయి ముక్కూ చెంపా కలిసిపోతాయి. నీలిరంగు పూసుకున్న కృష్ణుడిమీద అదే ఎరుపు పడితే ముఖం నల్లబడిపోతుంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గించి, రా ఫైలుగా తీసుకోవడం కొంత కాపాడుతుంది. అసలు ఉపాయం లైటు మారేదాకా ఆగడం.

మన కరెంటు సెకనుకు 50 ఆవృతులు. చవక ఎల్ఈడీ దీపాలు దానితోపాటు సెకనుకు వందసార్లు మసకబారి వెలుగుతాయి. తిరునాళ్ళ వేదికలమీద ఒక ఫోటో వెలుగుగా, తరవాతిది చీకటిగా రావడానికి కారణం అదే. షట్టర్ వందో వంతు దగ్గర పెడితే ప్రతి ఫోటోలోనూ ఒక పూర్తి ఆవృతి పడి తేడా తగ్గుతుంది. మిర్రర్‌లెస్ కెమెరాల్లో చప్పుడు చేయని షట్టర్ శాస్త్రీయ సంగీత కచేరీలో దేవుడిచ్చిన వరమే కానీ, ఎల్ఈడీ కింద అది ఫోటోకి అడ్డంగా చారలు గీస్తుంది. ప్రదర్శనకు ముందు లైట్లు పరీక్షించేటప్పుడే చూసుకోవాలి.

ఫ్లాష్ మాత్రం వద్దు. నటుల కళ్ళు చెదురుతాయన్నది అందరూ చెప్పే కారణం. ఇంకో కారణం సురభి నాటకం దగ్గర తెలుస్తుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన ఆ కుటుంబ నాటక సమాజాలు చిత్రించిన తెరలు, తాళ్ళు, తీగలు, పొగ, రంగుదీపాలతో మాయ చేస్తాయి. మాయాబజార్‌లో రెండు బాణాలు గాల్లో ఎదురెదురుగా వచ్చి ఢీకొంటాయి, నిప్పురవ్వలు రాలతాయి. ఫ్లాష్ వెలిగిందంటే తీగ తళుక్కుమంటుంది. తెరమీద గీసిన రాజమందిరం గుడ్డగా బయటపడుతుంది, దానిమీద నటుడి నీడ పడుతుంది. ఏళ్ళ సాధనతో వాళ్ళు దాచిందాన్ని మనం ఒక్క మెరుపుతో చూపించేస్తాం. వాళ్ళ లైట్లలోనే, ఐఎస్ఓ 3,200కో 6,400కో పెంచి తీస్తే ఫోటోలో కొంచెం ఇసుక చల్లినట్టు కనిపిస్తుంది. కనిపించనీ, మాయ నిలుస్తుంది.

ఐఎస్ఓను ఇంత పెంచే వెసులుబాటు వచ్చి మరీ ఎక్కువకాలం కాలేదు. ఫిల్ము రోజుల్లో కొడాక్ ట్రై-ఎక్స్ 400ను ల్యాబులో బలవంతంగా 1,600కు తోసేవాళ్ళు. రోలుకు 36 ఫోటోలు, రోలు మారుస్తుంటే అవతల దృశ్యమే మారిపోయేది. అవినాష్ పస్రీచా వంటి ఫోటోగ్రాఫర్లు ఆ పరిమితుల్లోనే మన నర్తకుల గొప్ప ఫోటోలు తీశారు. 2007లో వచ్చిన నికాన్ డీ3 ఐఎస్ఓ 6,400 దాకా చేరింది, ఇప్పుడు మామూలు కెమెరాలూ ఆ పని చేస్తున్నాయి. ఆ ఫిల్ము రోజులకంటే ముందు తరాలకైతే ఆ మాత్రం కూడా లేదు. నటులు బళ్ళారి రాఘవ, స్థానం నరసింహారావుల కాలం నాటి వేషాల ఫోటోలు ఎక్కువగా స్టూడియోలో కదలకుండా నిలబెట్టి తీసినవే. వేషం తెలుస్తుంది, నగలు తెలుస్తాయి. ఎదుటి పాత్ర మాటకు ఆ ముఖం ఎలా మారేదో తెలియదు. ప్రదర్శన జరుగుతుండగా తీసిన ఫోటో విలువ అక్కడుంది.

కెమెరాతో సంబంధంలేని శత్రువు ఒకటుంది, ఫ్లెక్సీ. హైదరాబాద్ రవీంద్రభారతి అయినా ఊరి రామాలయం ముందు పందిరైనా, నర్తకి తలవెనక దాతల ముఖాలు వరసగా నవ్వుతుంటాయి. శివుడి జటాజూటంలోంచి ముఖ్య అతిథి తొంగిచూసే ఫోటోలు ఎన్ని ఉన్నాయో! కాస్త పక్కకు జరిగి, లెన్సు పూర్తిగా తెరిచి వెనకది మసకపరచడం, లేదా కిందికి వంగి పైకి తీయడం తప్ప దారి లేదు. సన్మానం అయ్యాక ఫ్లెక్సీ దించమని నిర్వాహకుల్ని ముందే అడగవచ్చు. ఒప్పుకునేవాళ్ళూ ఉంటారు.

మర్యాదల్లో ఒక్కటి చాలు: మృదంగం వాయించేవారికీ నర్తకికీ మధ్య చూపు ఉంటుంది, ఆ దారిలో నిలబడకూడదు. మిగతావన్నీ బుద్ధి ఉన్నవాడికి తెలుస్తాయి.

తీశాక పని ఇంకా మిగిలే ఉంటుంది. ఫైలు పేరులో నాటకం, పాత్ర, నటుడు, ఊరు, తేదీ రాయకపోతే పదేళ్ళ తరవాత ఆ మేకప్ వెనక ఎవరున్నారో వాళ్ళ ఇంట్లోవాళ్ళే పోల్చుకోలేరు. హార్మోనిస్టు పేరు, లైట్లు వేసినవాళ్ళ పేర్లు కూడా రాయాలి. అవార్డు దరఖాస్తుకో పింఛను కాగితాలకో ఫోటో అడుగుతూ ఫోన్ చేసే కళాకారులకు అవి వెంటనే దొరకాలి. సురభివాళ్ళు రమ్మంటే తెరవెనక్కీ వెళ్ళి తాళ్ళు లాగే చేతుల్ని తీయవచ్చు. ఆ ఫోటోలు మాత్రం ఎవరికి చూపించాలో వాళ్ళనే అడగాలి.