కోరికల జాబితా, కాగితాల కట్ట

'బకెట్ లిస్ట్' అన్న మాట ఇంతగా వ్యాపించడానికి కారణం 2007లో రాబ్ రైనర్ అదే పేరుతో తీసిన చిత్రం. క్యాన్సర్ సోకిన మెకానిక్ కార్టర్, కోటీశ్వరుడు ఎడ్వర్డ్ ఒకే ఆసుపత్రి గదిలో పడతారు. ఆసుపత్రి ఎడ్వర్డ్‌దే, గదికి రెండు మంచాలన్న నియమమూ అతనిదే. కార్టర్ రాసుకున్న కోరికలలో అపరిచితుడికి మేలు చేయడం, కన్నీళ్ళు వచ్చేదాకా నవ్వడం ఉన్నాయి. విమానం నుంచి దూకడం ఎడ్వర్డ్ చేర్చినది. లోకం అందుకున్నది ఈ రెండో రకాన్నే. దానికి టికెట్ దొరుకుతుంది మరి!

చిత్రం ఈ సంగతి ఎరగనిది కాదు. లోకంలోకెల్లా అందమైన అమ్మాయిని ముద్దాడాలన్న ఎడ్వర్డ్ కోరిక మనవరాలి దగ్గర తీరుతుంది. అయితే ముదిరిన క్యాన్సర్‌లో నిద్రపోయినా తీరని నీరసం తాజ్‌మహల్ యాత్రకు ఎక్కడా అడ్డురాదు. వైద్యమెరిగిన ప్రేక్షకుడికి ఇది మింగుడుపడదు.

1952 నాటి కురొసావా చిత్రం 'ఇకిరు'లో వైద్యుడు కడుపు క్యాన్సర్‌ను మామూలు పుండని బొంకుతాడు. నిజం గ్రహించిన పురపాలక ఉద్యోగి వతనబే ముందుగా వెదికేదీ విలాసాలనే. ఒక్క రాత్రికే అవి వెగటు పుట్టిస్తాయి. పిదప, మురికిగుంట పూడ్చి పిల్లలకు ఆటస్థలం కట్టించమని తల్లులు పెట్టుకున్న అర్జీని కాగితాల కట్టలోంచి బయటికి తీస్తాడు. మునుపు వాళ్ళను పక్క విభాగానికి తరిమింది అతని కార్యాలయమే. ఇప్పుడు అతనే కడుపు పట్టుకుని, అధికారుల గుమ్మాల దగ్గర పడిగాపులు కాస్తాడు.

సంతాపసభలో సహోద్యోగులు తప్పతాగి, ఇకపై తామూ అలాగే పనిచేస్తామని ప్రతిజ్ఞలు చేస్తారు. ఆపైన కార్యాలయానికి మరో అర్జీ వస్తుంది. దాన్ని పక్క విభాగానికి పంపేస్తారు.